పీపాలంక ఎర్రపట్టీ

రోజు 81
గాలి పడమర. పెద్దనీరు చిన్న అల. కొండ ధర 38. లంక ధర 46.

ఈ రోజు నుంచి పీపాలంక రేవు దినచర్య నేను రాస్తున్నాను. నా పేరు నూకరత్నం. అయిదో తరగతి దాకా చదివాను. మా అత్త అచ్చియమ్మ పద్దెనిమిదేళ్ళు ఈ పుస్తకం రాసింది గాని, ఇప్పుడు ఆవిడ కళ్ళకి కొండమీద అద్దం మెరిసినా ఒకటే, కొంగ రెక్క మెరిసినా ఒకటే. నిన్న కొంగల గుంపుని లెక్కపెట్టి కుంచం చోళ్ళు తొంభై అని రాసేసింది. సంతలో పెద్ద గోల.

పని కష్టమైనదేం కాదు. తెల్లవారి మంచువలలు పిండి తాగేనీళ్ళు పట్టుకున్నాక, మా లంకని నీటిమీద తేల్చే పీపాల్లో రేవు చివరివాటి మీద నిలబడి తేనెకొండ వైపు చూడాలి. సూర్యుడు పైకి రాగానే అక్కడివాళ్ళు పెద్ద అద్దాన్ని తిప్పుతారు. పొడుగు మెరుపు పది, పొట్టి మెరుపు ఒకటి. కొండమీద ఆ పూట కుంచం చోళ్ళు ఎన్ని ఎండలో అదీ కబురు. మా ఇంటి పలక బాగా కాగిన రోజున రెండు ఎండల వెలుగు పట్టి దాస్తుంది. ఇక్కడ ఏది కొన్నా ఆ ఎండలతోనే కొనాలి. కొండ ధర తెలిశాక మా సంతలో ధర కనుక్కుని, రెండూ రాసి గుమాస్తాకి చూపించాలి.

గుమాస్తా అంటే మనిషి కాదు. రేవు పాకలో ఉండే పాత యంత్రం. దానికి ఒక కన్ను పగిలిపోయింది, రెండోది బాగా కనిపిస్తుంది. ఇవాళ నా రాత చూడగానే అడిగింది.

"పెద్దనీరు అను మాట నా నిఘంటువులో లేదు. సరైన మాట రాయుడు."

సరైన మాట నాకు తెలుసు. ఆ మాటతోనే మా ఆయన పేరు మొదలవుతుంది. పెళ్ళయి ఏడు నెలలైంది. ఆ పేరు నోట పలకలేదు, చేత్తో రాయలేదు. నేను తల వంచుకుని నిలబడితే మా అత్త అందుకుంది.

"అది రాయదులే గుమాస్తా. మొగుడి పేరు ఏ ఆడదైనా రాస్తాదేటి?"

"తప్పు ఒకటి" అని గుమాస్తా నమోదు చేసుకుంది.

రోజు 90
గాలి పడమర. పెద్దనీరు పోటు. కొండ ధర 41. లంక ధర 51. తప్పు ఒకటి.

ఇవాళ నాకొకటి కనిపించింది!

మెరుపుల లెక్క తప్పకుండా లేసు అల్లుతున్నాను. పుట్టింట్లో నేర్చుకున్న పని. పాత వలల దారం విప్పి, కొండ ధర ఎంతో అన్ని తెల్లకుట్లు వేస్తాను. అక్కణ్ణించి లంక ధర దాకా ఎర్రకుట్లు. రోజుకి ఒక వరస. అలవాటు మీద, అత్త పుస్తకం ముందు పెట్టుకుని ఈ ఏడాది మొదటి రోజు నుంచీ వరసలన్నీ అల్లేశాను, కొంగల రోజు తప్ప.

మధ్యాహ్నం దాన్ని పీపాల మీద పరిచాను. తెల్లదాని అంచు ఒకచోట ఇరవై అయిదు, ఒకచోట అరవై. ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. మబ్బు వారాల్లో ఎండలకి కరువు కాబట్టి ధరలు దిగాయి, బాగా కాసిన వారాల్లో ఎగిరాయి. కాని దాన్ని అంటిపెట్టుకున్న ఎర్రపట్టీ మాత్రం మొదటి నుంచి చివర దాకా ఒకటే వెడల్పు. ఎనిమిది కుట్లు. తొమ్మిదవుతుంది, ఏడవుతుంది, ఎప్పుడైనా పది. నాలుగు రోజులు పోనిస్తే మళ్ళీ ఎనిమిదికే వస్తుంది. రెండు అంచులూ ఎక్కడెక్కడో తిరుగుతాయి గాని ఒకదాన్నొకటి వదలవు.

మా ఆయన లంకకీ కొండకీ మధ్య ఎండపడవ నడుపుతాడు. రోజు విడిచి రోజు తిరుగుడు. సాయంత్రం పడవ కట్టి వస్తూ, నేను పరిచింది చూశాడు.

"ఏటే అది, పాము కుబుసమా?"

"ధరలు మావా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఏటీ?"

"ధరలు. తెల్లది కొండ. ఎర్రది మనకీ కొండకీ ఉన్న ఎడం." వేలితో చూపిస్తూ పోయాను. సిగ్గు ఎప్పుడు పోయిందో తెలియలేదు, గబగబా చెప్పేశాను. "ఇక్కడ చూడు, పదయ్యింది. నాలుగు రోజులకి మళ్ళీ ఎనిమిది. ఇక్కడ ఆరుకి పడింది. మళ్ళీ ఎనిమిది. ఎవరు లాక్కొస్తున్నారు దీన్ని?"

ఆయన నవ్వాడు. "ఎవరేటి, నేనే. ఇక్కడ ప్రియమైతే షావుకార్లు తోసుకుంటా నా పడవెక్కుతారు. అంత సరుకొచ్చి పడ్డాక ధర దిగదా మరి? ఇక్కడ చవకైతే ఒక్కడూ ఎక్కడు. పడవలో నేనూ, ఈగలూ."

నిజమే. మా రేవులో రెండు పడవల్ని ఒక తాడుకి కట్టి నీటిమీద వదిలేస్తే, అవి ఎటైనా పోతాయి గాని వాటి మధ్య ఎడం తాడు పొడుగే. ఇక్కడ తాడు మా ఆయన పడవే.

గుమాస్తాకి చూపించాను. అది తన మంచి కన్నుతో చాలాసేపు చూసింది. "ఇది జంట పరీక్ష. ప్రతి పడవ హక్కుకు నేను చేయుదును. ఎడం తన చోటికి తిరిగి రానిచో పడవ తన పని చేయుట లేదని అర్థము. మీరు దారముతో చేసినారు."

యంత్రం మెచ్చుకుందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం మెచ్చుకుందనే అనుకున్నాను.

రోజు 97
గాలి లేదు. పెద్దనీరు నిమ్మళం. కొండ ధర 32. లంక ధర 48. తప్పు ఒకటి.

నిన్న కొండమీద నలభై. ఇవాళ మూడు పొడుగు మెరుపులు, రెండు పొట్టివి. నమ్మలేక, వాళ్ళు రెండోసారి మెరిపించేదాకా చూశాను. మళ్ళీ ముప్పై రెండే. మా సంతలో మాత్రం నిన్నటి ధరే, నలభై ఎనిమిది.

ఎర్రకుట్లు పదహారు వేయాల్సి వచ్చింది. ఇంత ఎడం నేనెప్పుడూ చూడలేదు. తాడు ఎంత గట్టిగా లాగుతుందో చూడాలని ఆత్రంగా ఉంది.

రోజు 104
గాలి తూర్పు. పెద్దనీరు చిన్న అల. కొండ ధర 36. లంక ధర 53. తప్పు ఒకటి.

లాగలేదు. వారమైనా ఎడం పదిహేడు.

ఇవాళ గుమాస్తా పాక గోడ మీద నోటీసు వెలిగించింది. తొంభై ఏడో రోజు నుంచి ఎడం తిరిగి రాలేదు కాబట్టి, ముప్పయ్యో రోజున, అంటే నూట ఇరవై ఏడున, అందరి ఎదుట జంట పరీక్ష. అప్పటికీ జంట తెగే ఉందని తేలితే పడవ హక్కు వేరేవాళ్ళకి. పరీక్షకి ముందు మూడు రోజులు పడవ కదలకూడదు.

ఆ హక్కు మీద కన్నేసిన పోలయ్య అప్పుడే తన కొత్త పడవకి రంగు వేయిస్తున్నాడు. చోళ్ళు కొనడానికి వెళ్తే సంతలో నాకు వినపడేలాగే అన్నాడు.

"కొండమీద చవక, ఇక్కడ ప్రియం. మజ్జిలో ఎవడి పొట్టో పెరుగుతుందర్రా!"

నలుగురు నవ్వారు. నేను గంప ఎత్తుకుని వచ్చేశాను. ఇంట్లో చెప్పలేదు గాని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. మా ఆయన అన్నం కలుపుతూ, "నా పొట్ట చూడే, పెరిగిందా?" అన్నాడు. నవ్వించబోయాడు. ముద్ద మాత్రం నోట్లో పెట్టుకోలేదు.

"గుమాస్తాకి చెప్పకూడదా, నువ్వేం తియ్యలేదని?" అన్నాను.

"ఏటని చెప్పమంటావు? షావుకార్లు పడవ పొట్టకి బేరమాడతారు. నిండుగా ఎక్కిస్తారు, నిండుగా దించుకుంటారు. కుంచాలు కొలిచేది కొండమీద చిల్లర కొనేవాళ్ళకి. నేనా కొలతలు చూసిందెప్పుడు? దానికి మాటలొద్దు, అంకెలు కావాలి."

అంకెలైతే నా ఒళ్ళోనే ఉన్నాయి.

రోజు 113
మబ్బు, అప్పుడప్పుడు ఎండ. పెద్దనీరు పోటు. కొండ ధర 28. లంక ధర 43. తప్పు ఒకటి.

మూడు పూటలుగా పట్టీని తిప్పి తిప్పి చూస్తున్నాను. అత్త తిడుతోంది. "ఒలే, పొయ్యిమీద అంబలి మాడతాంటే నీ గుడ్డముక్కేటే!"

మాడింది. అయినా ఇవాళ రెండు సంగతులు పట్టుకున్నాను.

మొదటిది. దారిలో సరుకు కారిపోతుంటే ఎడం రోజురోజుకీ పెరగాలి. నేను అల్లినదాంట్లో పెరగలేదు. ఒకే ఒక్క రోజు, తొంభై ఏడున, మెట్టు ఎక్కినట్టు ఎక్కి అక్కడే ఉండిపోయింది. ముందు ఎనిమిది చుట్టూ ఎలా ఆడేదో ఇప్పుడు పదహారు చుట్టూ అలాగే ఆడుతోంది. అంటే తాడు తెగలేదు. రెండో పడవలో తాడు కట్టిన గుంజని ఎవరో జరిపారు!

రెండోది ఇంకా చిత్రం. కొత్త పట్టీ పూర్తిగా సమంగా లేదు. ధరలు ఎగిరినచోట వెడల్పు, దిగినచోట సన్నం. కొండ ముప్పై ఆరైనప్పుడు ఎడం పదిహేడు. ఇవాళ ఇరవై ఎనిమిదికి పడితే పదిహేను. గుంజ జరిగితే ఎప్పుడూ ఒకేలా జరిగి ఉండాలి కదా. ధరతో పాటు ఇదెందుకు సాగుతోంది?

సాగుతోంది అని రాశానా! తెల్లది సాగాలేమో. రేపు అల్లి చూస్తాను.

రోజు 119
గాలి తూర్పు, బాగా కాసింది. పెద్దనీరు నిమ్మళం. కొండ ధర 40. లంక ధర 58. తప్పు ఒకటి.

వచ్చింది, వచ్చింది, వచ్చింది!

తొంభై ఏడు నుంచి వరసలన్నీ విప్పి మళ్ళీ అల్లాను. మొదట తెల్లకుట్లు ప్రతి రెండింటినీ మూడు చేశాను. తెల్లది ఎర్రని మింగేసింది. మూడింటిని నాలుగు చేశాను, ఎర్రపట్టీ కొంచెం వంకర పోయింది. నాలుగింటిని అయిదు చేశాను.

ముప్పై రెండు నలభై అయింది. లంక నలభై ఎనిమిది. ఎర్రకుట్లు ఎనిమిది. ఇరవై ఎనిమిది ముప్పై అయిదయింది. లంక నలభై మూడు. ఎనిమిది! ఇవాళ నలభై యాభై అయింది. లంక యాభై ఎనిమిది. ఎనిమిది! మధ్యలో ఏడు, తొమ్మిది, మళ్ళీ ఎనిమిది. ఏడాది మొదటి నుంచి ఇవాళ్టి దాకా పట్టీ ఒకే వెడల్పు, ఎక్కడా మెట్టు లేదు. ఎక్కడ అతికానో నాకే కనపడలేదు.

పీపాల మీద గెంతాను. మా పాకంతా ఊగింది. అత్త లోపల్నుంచి, "తుపానా?" అని కేకేసింది.

మా ఆయనకి చూపిస్తే కళ్ళు పెద్దవి చేశాడు. "అంటే జంట తెగలేదా?"

"తెగలేదు మావా. నీ పడవ ఎప్పట్లాగే లాగుతోంది. కొండమీద ఏదో నాలుగు, ఇక్కడ అయిదవుతోంది."

"ఏది?"

అదే తెలియలేదు. గుమాస్తాని అడిగితే, "కారణము లేని సవరణ చెల్లదు. ఏ అంకెనైనను సాగదీసి కావలసినట్టు చేయవచ్చును" అంది. కోపం వచ్చింది గాని, అది అన్నది న్యాయమే. నేను రెండుని మూడు చేసి కూడా చూశాను కదా.

ఇంక ఎనిమిది రోజులే ఉంది.

రోజు 124
మబ్బు. పెద్దనీరు పోటు. అద్దం మూగ. లంక ధర 55. తప్పు ఒకటి.

ఇవాళ పడవని గుంజకి కట్టేశారు. పరీక్ష దాకా కదలదు. మా ఆయన పొద్దుటి నుంచీ దాని పక్కనే కూర్చున్నాడు.

నేను వంటింట్లో చోళ్ళు కొలుస్తున్నాను, పక్కింటివాళ్ళకి అప్పిచ్చిన కుంచం తిరిగొస్తే. బుర్ర అంతా నాలుగూ అయిదూ. కుంచం నిండగానే పైన అరచేత్తో రాసేసి డబ్బాలో పోయబోయాను. అత్తకి కళ్ళు కనపడకపోయినా చేయి రాసిన చప్పుడు వినపడింది.

"ఒలే ఒలే! కొప్పు కొట్టేసినావేటే! కుంచమంటే కొప్పుండొద్దా? బోడి కుంచం కొలుస్తాదా ఇంటి కోడలు!"

మా లంకలో కుంచం అంటే నిండాక పైన గోపురంలా పోస్తారు. గింజలు జారిపోయేదాకా పోయాలి. ఆ పోతని కొప్పు అంటాం. కొప్పు లేకుండా కొలిచినవాళ్ళని నేను పుట్టాక చూడలేదు. బళ్ళో మాత్రం నాలుగు మానికలు ఒక కుంచం అని ఎక్కాల పుస్తకంలో ఉండేది. పుస్తకంలోదే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

చేతిలో కుంచం అలాగే ఆగిపోయింది.

మానిక సన్నమూతి పాత్ర, దానికి కొప్పు నిలవదు. గబగబా మానికతో కొలిచాను. బోడి కుంచం నాలుగు మానికలు. కొప్పు పోసి మళ్ళీ కొలిచాను. అయిదు.

నాలుగు. అయిదు.

నేను కేక పెట్టానట. మా ఆయన తడి కాళ్ళతో పరుగెత్తుకొచ్చాడు. వంటిల్లంతా చోళ్ళు, మధ్యలో నేను నవ్వుతున్నాను.

"కొప్పు మావా, కొప్పు! కొండమీద కొప్పు కొట్టేస్తున్నారు! తొంభై ఏడో రోజు నుంచి. కుంచం చిన్నదైతే ధర తగ్గదా? చవక కాలేదు, కుంచమే తరిగింది. మనకి కుంచమంటే కుంచమే, వాళ్ళకీ కుంచమంటే కుంచమే. ఎవరు అడుగుతారు?"

ఆయన ఒక గింజ తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. "నువ్వన్నది నిజమైతే బాగుణ్ణే" అన్నాడు. నేను పక్కన కూర్చుని ఆ గింజ తీసుకున్నాను. మాకిద్దరికీ ఒకటే అనుమానం. కొండకి వెళ్ళి చూడ్డానికి పడవ కదలకూడదు. అద్దంలో అంకెలూ, కొలతల గుర్తులూ తప్ప మాటలు వెళ్ళవు. కొప్పుకి గుర్తు లేదు. పైగా ఆకాశం నిండా మబ్బు.

రోజు 126
మబ్బు. పెద్దనీరు పోటు. అద్దం మూగ. లంక ధర 54. తప్పు ఒకటి.

కొప్పుకి గుర్తు లేకపోతేనేం, మానికకి ఉంది! మానిక ధర అడగొచ్చు. కొప్పున్న కుంచమైతే కుంచం ధరలో అయిదో వంతు, బోడి కుంచమైతే నాలుగో వంతు.

ఎండ కావాలి. ఒక్క పావుగంట చాలు.

ఇటు నుంచి అడగడానికి మాకూ ఒక పెద్ద అద్దం ఉంది, దాని తాళం రేవు పెద్ద మంగతాయారు గారి దగ్గర ఉంటుంది. ఆవిడ ఇంటిముందు దాకా రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ తిరిగొచ్చాను. మూడోసారి ఆవిడే తలుపు తీసి, "ఏటమ్మా, నా గుమ్మం కొలుస్తున్నావా?" అంది. నేను నేలకేసి చూస్తూ చెప్పుకున్నాను. అంతా విని, "ఈ మాట రేపు అందరి ముందూ చెప్పు. చెప్తే తాళమిస్తాను" అంది.

రోజు 127

ఇది ఎప్పటికప్పుడు రాయలేకపోయాను. అంతా అయ్యాక రాస్తున్నాను.

రేవు నిండా జనం. పోలయ్య కొత్త పడవ పక్కనే తళతళలాడుతోంది. మబ్బు వల్ల గుమాస్తాకి వెలుగు చాలక మాట సాగుతోంది. "జం...ట... ప...రీ...క్ష" అంటుంటే పిల్లలు వెక్కిరిస్తున్నారు. ఎడం ముప్పై రోజులుగా తిరిగి రాలేదని చదివింది. హక్కుదారు తరఫున ఎవరైనా మాట్లాడతారా అని అడిగింది.

నేను ముందుకొచ్చాను.

"ఎ...వ...రి... త...ర...ఫు...న?"

"మా ఆయన తరఫున."

"పే...రు?"

పట్టీ అంచు వేలికి చుట్టుకున్నాను. వెనకాల ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుతున్నారు. పోలయ్య అన్నాడు, "మొగుడి పేరే రానిది, లెక్కలేటి చెప్తాది!"

"పేరు... లేనిదే... మాట... నమోదు... కాదు."

మా ఆయన వైపు చూశాను. గుంజకి కట్టిన పడవ పక్కన నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ పడవ అంచు మీద వేసి. ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు పట్టుకున్నాడు.

"సముద్రాలు" అన్నాను. ఎవరికీ వినపడలేదు.

"సముద్రాలు! నా మొగుడు సముద్రాలు!"

రేవంతా వినపడింది. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన మొహం ఎర్రబడింది, పెళ్ళినాడు కూడా అంత ఎర్రబడలేదు.

ఇంక ఆగలేదు నేను. పట్టీని పీపాల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచేశాను. తాడు తెగలేదని, గుంజ జరిగిందని, నాలుగు అయిదవుతోందని, కొప్పు సంగతీ చెప్పాను. మంగతాయారు గారు నాతో పాటు మోకాళ్ళ మీద వంగి ఎర్రకుట్లు లెక్కపెట్టింది.

"కారణము... రుజువు... కాలేదు" అంది గుమాస్తా.

"రుజువు కొండమీదుంది. ఎండ రావాలి" అన్నాను.

అందరం మబ్బుకేసి చూశాం. పోలయ్య కూడా చూశాడు. మధ్యాహ్నం గంట కొట్టేలోపు రుజువు రాకపోతే తీర్పు ఖాయమని గుమాస్తా చెప్పింది. ఆ మాట చెప్పడానికే సగం సమయం పట్టింది. గంట కొట్టేవాడు కొయ్య చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు నీటిమీద దూరంగా ఒక తెల్లటి ముక్క పడింది. అది మా వైపు జరుగుతూ వచ్చింది. ఎండ!

మంగతాయారు గారు తాళం నా చేతిలో పెట్టింది. అద్దం తిప్పింది నేనే. మొదట కుంచం గుర్తు. కొండ జవాబిచ్చింది. మూడు పొడుగు, ఆరు పొట్టి. ముప్పై ఆరు. తరువాత మానిక గుర్తు పంపాను.

చాలాసేపు ఏమీ లేదు. అక్కడివాళ్ళు మానిక ధర ఎవరైనా అడగడం ఎప్పుడు చూశారో! తరువాత పొట్టి మెరుపులు మొదలయ్యాయి. జనం పైకే లెక్కపెట్టారు.

"ఒకటి! రెండు! మూడు!"

ముప్పై ఆరులో అయిదో వంతు ఏడూ చిల్లర. ఏడు దగ్గర ఆగితే కొండమీదా కొప్పున్నట్టే, నా లెక్క తప్పినట్టే, పడవ పోయినట్టే.

"అయిదు! ఆరు! ఏడు!"

చీకటి. కొంగ ఒకటి అడ్డం వచ్చింది. "అచ్చియమ్మా, నీ కొంగే!" అని ఎవరో అరిచారు.

కొంగ దాటింది.

"ఎనిమిది!"

"తొమ్మిది!"

అంతే. ఇంక రాలేదు. తొమ్మిది.

ఎండ పడగానే గుమాస్తా గొంతు కూడా తిరిగొచ్చింది. "తొమ్మిది నాలుగులు ముప్పై ఆరు. కొండ కుంచమునకు మానికలు నాలుగు. లంక కుంచమునకు ఎన్ని? కొలిచి చూపుడు."

మా అత్త అప్పటికే కుంచం పట్టుకుని కూర్చుంది. కళ్ళు లేకుండానే కొప్పు పోసింది, గింజ జారేదాకా. మానికతో కొలుస్తుంటే జనం మళ్ళీ అందుకున్నారు. నాలుగు దగ్గర కుంచంలో ఇంకా చోళ్ళు ఉన్నాయి. "అయిదు!" అని రేవు రేవంతా అరిచింది.

గుమాస్తా లోపల ఏదో గిరగిరా తిరిగింది. "తొంభై ఏడు నుండి కొండ ధర నాలుగింటికి అయిదుగా సవరించితిని. ఎడం ఎనిమిది. ఎనిమిది. తొమ్మిది. ఏడు. ఎనిమిది. జంట తెగలేదు. పడవ హక్కు సముద్రాలు గారిదే." ఇంకా ఇలా అంది. "ఈ సంగతి నా అంకెలలోనే ఉన్నది. నేను చూడలేదు. మీ దారమును ప్రతి దినము నా కంటి ముందు పరచవలెనని కోరుచున్నాను."

పోలయ్య వచ్చి పట్టీ చివర ఎత్తి చూశాడు. "ఒలమ్మో, ఇందులో నా పడవ ధర కూడా అల్లుతావేటి?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఇంటికి నడుస్తుంటే మా ఆయన పక్కకి చూడకుండా అన్నాడు.

"ఏదీ, మళ్ళీ ఒకసారి అను."

"ఏటి?"

"అదే. అక్కడ అరిచినావు గదా."

అనలేదు. పరుగెత్తి ఇంట్లోకి వచ్చేశాను.

రోజు 128

పొద్దున్నే ఆయన కొండకి పడవ తీశాడు. సాయంత్రం వచ్చి సంగతి చెప్పాడు. ముసలి కొలతగత్తె చేతులు వణుకుతున్నాయని, తొంభై ఏడో రోజున అక్కడివాళ్ళు కొలిచే మర ఒకటి పెట్టారట. దానికో ఇనప పుల్ల ఉంది. కుంచం నిండగానే అది పైన అడ్డంగా గీసేస్తుంది. కొప్పు మాట మరకి ఎవరూ చెప్పలేదు. కుంచం తరిగింది, దానికి తగ్గట్టు ధర తరిగింది, ఎవరికీ నష్టం లేదు, కాబట్టి ఎవరూ అడగలేదు. "మీకు చెప్పాలా? కుంచం కుంచమే గదా" అన్నారట!

గుమాస్తా ఇకనుంచి కొండ ధర పక్కన కొప్పు ధర కూడా రాయమంది. కొత్త దారం ఉండ తీశాను. వరస మొదలుపెట్టే ముందు ఈ రోజు రాయాల్సింది రాసి దాని కంటి ముందు పెట్టాను. అది చదివింది. మళ్ళీ చదివింది. "తప్పులు లేవు" అంది.

గాలి తూర్పు. సముద్రం నిమ్మళం. కొండ ధర 36, కొప్పుతో 45. లంక ధర 53. ఎడం ఎనిమిది.